నా పరీక్షకు అక్క ఒక్కపొద్దు

“గెలిచి వచ్చారు సార్” అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆదోని బజారులో నడిచిపోతుంటే పాత విద్యార్థులు బండి ఆపి, చెయ్యి పట్టుకుని మరీ అంటారు. వాళ్ళది మంచి మనసే, కాదనను. కానీ నేను చేసిన ఘనకార్యం ఏముంది? ఏళ్ళ తరబడి ఎడమ దవడలో పొగాకు పెట్టుకుని తిరిగాను. ఆ దవడకే క్యాన్సర్ వచ్చింది. డాక్టర్లు కోసి తీశారు, రేడియేషన్ కరెంటు పెట్టారు. మా ఆవిడా, ఎమ్మిగనూరు నుంచి వచ్చి మా అక్కా నన్ను పసిపిల్లాడిలా సాకారు. నేను చేసిందల్లా మంచం మీద పడుకుని, గ్లాసుతో గంజి పోస్తే మింగడం.

పైగా నేను బడిపంతుల్ని. పొగాకు ఆరోగ్యానికి హానికరమని పిల్లల చేత బోర్డు మీద రాయించి, విరామంలో గోడ వెనక్కి పోయి చిటికెడు పొగాకు సున్నంతో నలుపుకున్నవాణ్ణి. పిల్లలకు తెలియదనుకునేవాణ్ణి. వాళ్ళకు తెలియనిదేముంటుంది? ఇప్పుడు చెయ్యి పట్టుకుని గెలిచారంటున్నది కూడా వాళ్ళే. అందుకే ఆ మాట నాకు చురుక్కుమంటుంది.

వైద్యం ముగిసినాక కర్నూలు డాక్టరు ఒక మాట చెప్పాడు. పొగాకు వల్ల నోట్లో క్యాన్సర్ వచ్చినవాళ్ళకు తర్వాత ఎప్పుడైనా ఆహార గొట్టంలోనో ఊపిరితిత్తుల్లోనో కొత్తది పుట్టే అవకాశం ఉందట. పాతది తిరగబెట్టడం వేరు, ఇది వేరు. ఆ పొగాకు రసం దిగిన దారంతా దెబ్బ తినే ఉంటుంది కాబట్టి ఏడాదికోసారి గొట్టం వేసి లోపల చూడాలన్నాడు. ముందే కనబడితే సులువుగా పోతుంది, ఆలస్యమైతే చెప్పలేమన్నాడు. ఇంతకంటే విడమరచి ఎవరు చెబుతారు? నాకు బాగానే అర్థమైంది.

అర్థమైనా పోవడానికి కాళ్ళు వచ్చేవి కావు. భయమని అందరూ అనుకుంటారు. భయం లేదనను, ఉంది. కానీ దానికన్నా పెద్దది ఇంకొకటుంది. నాకు మొహం చెల్లేది కాదు. ఆసుపత్రిలో బెంచీ మీద నా పక్కన కూర్చునేవాళ్ళలో జీవితంలో వక్కపలుకు కూడా కొరకని ఆడవాళ్ళు ఉండేవాళ్ళు. ఏ పాపమూ ఎరగనివాళ్ళకు వచ్చింది. నేను కోరి తెచ్చుకున్నాను. ఒకసారి బతికించమని అడిగాను, బతికించారు. మళ్ళీ వెళ్ళి, ఇంకేమైనా ఉందేమో చూడండి, దానికీ వైద్యం చెయ్యండి అనడానికి ఏం ముఖం పెట్టుకుని పోను? డాక్టరు ప్రతిసారీ మొదట “పూర్తిగా మానేశారు కదా” అని అడుగుతాడు. మానేసి ఎన్నాళ్ళయినా ఆ ‘కదా’ వినగానే నా తల వాలిపోయేది.

అయినా మూడేళ్ళు తప్పకుండా వెళ్ళాను. తర్వాత మానేశాను. మానేసింది మాత్రం ఆ సిగ్గు వల్ల కాదు. అక్క వల్ల.

అక్క నాకన్నా పదేళ్ళు పెద్దది. అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. నాయన పొద్దస్తమానం గుంటమగ్గంలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే, ఇల్లూ నన్నూ చూసుకున్నది అక్క. పెళ్ళయినా ఎమ్మిగనూరులోనే, రెండు వీధుల అవతలికి పోయింది. పిల్లలు కలగలేదు. బావ పోయినాక కూడా మగ్గం వదల్లేదు. డెబ్బై దాటిన ఈ వయసులోనూ రోజూ కాసేపు మగ్గంలో దిగి తువ్వాళ్ళు నేస్తుంది. దిగకుంటే కాళ్ళు పట్టేస్తాయంటుంది.

నా ఆపరేషనుకు రోజు నిర్ణయించినప్పుడు అక్క మంత్రాలయం పోయి తుంగభద్రలో మునిగి అక్కడి అమ్మవారికి మొక్కుకుంది. డాక్టరు ఏమీ లేదని చెప్పేదాకా ఒక్కపొద్దు ఉంటానని. రోజుకు ఒక్కపూట తిండి, అదీ ఉప్పు లేకుండా. నా వైద్యం నెలల తరబడి సాగింది, ఆమె ఒక్కపొద్దూ సాగింది. అంతా అయిపోయి డాక్టరు మంచిమాట చెప్పినాక, తన మగ్గం మీద తానే ఒక చీర నేసి అమ్మవారికి సమర్పించి మొక్కు తీర్చుకుంది. అంతటితో ముగిసిందనుకున్నాం.

ముగియలేదు. ఏడాదికి పరీక్ష అనగానే అక్క మళ్ళీ మొదలుపెట్టింది. తేదీ తెలిసిన రోజు మొదలు, లోపలినుంచి తీసిన ముక్క ఫలితం వచ్చేదాకా అదే ఒక్కపొద్దు, అదే చప్పిడి కూడు. ఆమెకు షుగరు ఉంది. మాత్రలు మింగుతుంది, తిండి మాత్రం తినదు. వద్దని బతిమాలాను. కోప్పడ్డాను కూడా.

“దేవుడు నిన్ను పస్తుండమని అడిగినాడా అక్కా?”

“అడగలేదు. నేనే ఇచ్చినా. నీ పని నువ్వు సూసుకో.”

మూడో ఏడు పరీక్షరోజున ఆమె పొద్దున్నే మాత్ర వేసుకుని, ఖాళీ కడుపుతో మగ్గంలో దిగింది. కళ్ళు తిరిగి ముందుకు పడింది. నుదురు మగ్గం కొయ్యకు తగిలింది. పక్కింటివాళ్ళు చూసి ఆటోలో వేసుకుపోయి కుట్లు వేయించారు. ఆ సమయానికి నేను కర్నూలులో, లోపల అంతా శుభ్రంగా ఉందని డాక్టరు చెబుతుంటే వింటున్నాను. ఫోను వస్తే సంతోషంగా తీశాను, అక్కకు మంచిమాట చెబుదామని. అవతలినుంచి ఆమె నెత్తురు సంగతి వినపడింది.

నా పుండుకు మందు ఆమె ఒంట్లోంచి తీస్తున్నట్టు అనిపించింది. నాకు చెడు అలవాటు, నాకు జబ్బు, నాకు పరీక్ష, మంచిమాటా నాకే. కుట్లు ఆమెకు. ఆ నుదుటి మీది కట్టు చూసినప్పుడు నా మీద నాకు పుట్టిన అసహ్యం ఇంతా అంతా కాదు.

మరుసటి ఏడాది పరీక్ష నెల రాగానే అక్క ఫోను చేసింది. “ఎప్పుడురా పోయేది?”

“ఈ ఏడాది అక్కర్లేదన్నారక్కా” అన్నాను. నోట్లోంచి అట్లా వచ్చేసింది.

“దేవుడు విన్యాడు పో” అంది. ఆ గొంతులో అంత తేలిక నేను ఎన్నడూ వినలేదు. వారం తిరక్కుండా పూర్ణం పెట్టి ఓళిగలు చేసి పంపింది. నా నోరు సగమే తెరుచుకుంటుంది, లాలాజలం ఊరదు. పాలల్లో నానబెట్టుకుని చిన్నచిన్న ముక్కలుగా తిన్నాను. తీపి తెలిసింది. సిగ్గూ తెలిసింది. ఆ తర్వాతి ఏడాదికి అబద్ధం చెప్పే పని కూడా పడలేదు. ఆమె అడగలేదు, నేను పోలేదు.

పోనంత మాత్రాన మనశ్శాంతి వచ్చిందా అంటే అదీ లేదు. కరెంటు పెట్టినప్పటినుంచి గొంతు ఎండిపోయే ఉంటుంది కాబట్టి ఏ ముద్దయినా ఒక్క క్షణం ఆగి దిగుతుంది. జొన్నరొట్టె పులుసులో నానబెట్టి తిన్నా ఆగుతుంది. అది ఎండిన గొంతు పనా, లోపల మొలిచిన కొత్తదాని పనా? నీళ్ళు తాగి, గుండె మీద చెయ్యి వేసుకుని, దిగిందని రూఢి చేసుకుని తర్వాతి ముద్ద పెట్టుకునేవాణ్ణి. ఇదంతా ఎవరికీ తెలియదనుకున్నాను. బడిగోడ వెనక అనుకున్నట్టే.

ఒక మధ్యాహ్నం అన్నం దగ్గర మా ఆవిడ గిన్నె కింద పెట్టేసింది.

“మీ అక్క పస్తుంటాదని మీరు పోరు. బాగుంది. మరి నేనేమైపోవల్ల?”

“నీకేమైంది?” అన్నాను విసుగ్గా.

“రెండేండ్లనుంచీ మీ గొంతు సూసుకుంటా తింటాండా. మీకు ముద్ద దిగితే నాకు దిగుతాది. కంచంలో ఏముండాదో, ఏం తిన్యానో నాకే తెల్దు. మీ అక్క పస్తు మీకు కనబడె. నాది కనబళ్ళేదు గదా!”

కోపం నటించి లేచిపోయాను. కోపానికి నాకు కారణాలు ఎప్పుడూ కరువు కాలేదు గానీ, ఆరోజు మాత్రం ఒక్కటీ దొరకలేదు. మర్నాడు ఆమె నాకు చెప్పకుండా ఎమ్మిగనూరు బస్సెక్కింది. పుట్టింటికి పోయిందేమో అనుకున్నాను. సాయంత్రం తిరిగొచ్చి చెప్పులు విప్పుతూ, “సెప్పేసినా” అంది. కాసేపటికి అక్క ఫోను చేసింది. ఒకటే మాట, “రేపు రా.”

బస్సులో కూర్చుని పోతున్నంతసేపూ తిట్లకు సిద్ధపడుతున్నాను. అక్క తిడితే బాగా తిడుతుంది, ఆ తిట్లలో ఒక లయ ఉంటుంది, విన్నాక ఒళ్ళు తేలికవుతుంది. పోయేసరికి వసారాలో రాట్నం ముందర కూర్చుని నూలు కండెలు చుడుతోంది. నన్ను చూసి చాప చూపించింది. మజ్జిగ తెచ్చి ఇచ్చింది. మళ్ళీ రాట్నం దగ్గర కూర్చుంది. తిట్టలేదు.

“నాకు సెప్పకుండా పోయింటే అయిపోతాండె గదా” అంది చివరికి.

“నీకు తెలీకుండా ఎట్ల పోయేదక్కా? నీతో అబద్ధమాడి...”

“ఇప్పుడు ఆడినది అబద్ధం కాదా?”

తలొంచుకుని మజ్జిగ తాగాను. ఆమె రాట్నం ఆపింది.

“నీకు పన్నునొప్పి జ్ఞాపకముందా?”

నాకు ఏ పన్నునొప్పీ జ్ఞాపకం లేదు.

“ఉగాదికి సీరలు ఇయ్యల్ల. నాయన మగ్గంలో ఉండాడు, కండెలు అందీయల్ల. నువ్వు దవడ పట్టుకోని ఏడుస్తాండావు. నేనే నా సంచిలో పొగాకు తీసి, సున్నంతో నలిపి, నీ దవడన పెడితి. నొప్పి పాయ. లేసి కండెలు సుడితివి.” ఆమె నా వైపు చూడలేదు. దారం కొసను వేళ్ళతో నలుపుతూ చెప్పుకుపోయింది. “మళ్ళా నొప్పంటివి, మళ్ళా పెడితి. శానాసార్లు నీకు నొప్పి లేదురా. ఊరికే అంటాంటివి. నాకు తెలుసు. పని జరుగుతాంది గదా అని ఊరుకుంటి. ఆ ఎడమదవడే.”

మా మగ్గాల వీధిలో పన్నునొప్పికి పొగాకు పెట్టడం వింతేమీ కాదు. ప్రతి ఇంట్లోనూ పెట్టేవాళ్ళు. పని నడిచే రోజుల్లో ఆసుపత్రికి ఎవరు పోతారు? కానీ నన్ను పట్టి కుదిపింది ఆ పొగాకు కాదు. ఇన్నేళ్ళ ఒక్కపొద్దులకూ అర్థం ఒక్కసారిగా మారిపోయింది. అక్క తన ప్రేమనంతా నా మీద పోస్తోందనీ, దాన్ని మోయలేకపోతున్నాననీ నేను కుమిలిపోయాను. ఆమె తనకు తానే శిక్ష వేసుకుంటోంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆమె ఆ మాట అన్నప్పుడు ఒక్క క్షణం నాకు హాయిగా అనిపించింది. అయితే ఇది నేను తెచ్చుకున్నది కాదన్నమాట, నాకు అంటించారన్నమాట, అని. డెబ్బై దాటిన మనిషి, నా కోసం నెత్తురు కార్చిన మనిషి ముందర కూర్చుని ఆ హాయి అనుభవించాను. మరుక్షణం నా మీద నాకే రోత పుట్టింది.

“నేను అలవాటు చేసుకున్నది ట్రైనింగులో అక్కా. హాస్టల్లో. నా పక్క మంచం వాడు నేర్పినాడు. పద్దెనిమిదేండ్లు దాటినాక” అన్నాను. అది నిజమే. నాకు జ్ఞాపకమున్నంతవరకు అదే నిజం.

“వాడు పెట్టేలోపల నీ దవడకు రుచి తెలిసుండె.”

“వీధిలో అందరికీ పెట్టినారు.”

“అందరికీ రాలేదు గదా. నీకొచ్చె.”

నాకు నిజంగా కోపం వచ్చింది. “నా తప్పులోనూ నీకు భాగం కావల్లనా? చిన్నప్పుడు నా అన్నం నువ్వే కలిపి పెట్టినావు, నా గుడ్డలు నువ్వే ఉతికినావు. ఇదొకటన్నా నాకు ఇడ్సిపెట్టు!” అని అరిచాను. పక్కింటామె తొంగిచూసి వెనక్కి పోయింది. అక్క మొదట బిత్తరపోయింది. తర్వాత నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నేనూ ఏడ్చాను. ఇద్దరు ముసలివాళ్ళం ఒక చిటికెడు పొగాకు కోసం కొట్లాడుకున్నాం.

ఆ తర్వాత బేరం మొదలైంది. ఎప్పుడు పోతావంది. నువ్వు మామూలుగా తింటానంటే పోతానన్నాను. నువ్వు ఆడికి పోతే నాకు ముద్ద ఎట్ల దిగుతాదంది. దిగకుంటే నేను పోనన్నాను. పోకుంటే ఈరోజునుంచే నీళ్ళు కూడా ముట్టనంది. అక్క చేసేదే, అనుమానం లేదు. ఏం చెయ్యాలో తెలియక బుర్ర గోక్కుంటుంటే అసలు విషయం తట్టింది. గొట్టం వేసే పరీక్షకు ముందురోజు రాత్రినుంచి రోగి కడుపు ఖాళీగా ఉండాలి.

“అక్కా, ఆ పొద్దు పస్తు నాది. డాక్టరే ఉండమన్నాడు. ఒక పరీక్షకు ఒక్క పస్తు సాలు. ఇద్దరం ఉంటే దేవునికి కూడా తికమక.”

“నువ్వు ఖాళీ కడుపున ఉంటావా?” అంది ఆశ్చర్యంగా. ఇన్నేళ్ళలో ఆ సంగతి ఆమెకు ఎవరమూ చెప్పలేదు. “అట్లయితే నేనూ వస్తా. నా కండ్లతో సూస్తా” అంది. సరేనన్నాను. నువ్వు కూడా ఒకసారి నోరు చూపించుకోవాలి, నువ్వూ నమిలినదానివే గదా అన్నాను. “నాకెందుకు రా? నాకు రావల్సింది నీకొచ్చె” అంది. ఆ పోరు ఇంకా నడుస్తూనే ఉంది.

తేదీ తీసుకున్న రోజే అక్కను ఆదోనికి తెచ్చుకున్నాను, మా కళ్ళ ముందు ఉంటుందని. మా ఆవిడ వడ్డిస్తే తినేది. ఉప్పు వేసుకుని, రెండు పూటలా, పొద్దున టిఫిను కూడా. కానీ ఎవరి ఇంట్లోనో దొంగతనంగా తింటున్నట్టు, అటూ ఇటూ చూస్తూ తినేది.

పరీక్షరోజు ముగ్గురం తెల్లారేసరికి బయలుదేరి కర్నూలు చేరాం. నా పేరు పిలవడానికి ఇంకా టైముంది. మా ఆవిడ క్యాంటీనుకు పోయి అక్కకు ఉగ్గాని, బజ్జీ తెచ్చింది. అక్క ఆ ప్లేటు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ముట్టలేదు.

“తిను” అన్నాను.

“నువ్వు పస్తుండావు. నీ ముందర ఎట్ల తినేది?”

“ఇన్నేండ్లు నువ్వు పస్తుంటే నేను తినలేదా?”

ఆమె ఒక ముద్ద తీసి నోట్లో పెట్టుకుంది. నమిలింది. నమిలి నమిలి, మింగలేక, నీళ్ళు నిండిన కళ్ళతో నన్ను చూసింది. అంతలో నర్సు వచ్చి నా పేరు పిలిచింది. నేను లేవలేదు. నర్సు మళ్ళీ పిలిచింది, ఈసారి కాస్త గట్టిగా. అక్క బలవంతాన మింగింది. “ఒక్కపొద్దుండేదే నయం రా” అంది. “పో నాయనా, పిలుస్తాండారు.”

లోపల గొట్టం వేశారు. ఒకచోట చిన్న మచ్చలాంటిది ఉందనీ, ఏమీ కాకపోవచ్చనీ, అయినా ముక్క తీసి పంపుతున్నాననీ డాక్టరు చెప్పాడు. రెండేళ్ళు ఎందుకు రాలేదని అడిగాడు. ఇంట్లో పనులన్నాను.

ఫలితం ఇంకా రాలేదు. రెండేళ్ళ ముందే వెళ్ళి ఉంటే ఆ మచ్చ ఉండేదా, ఉంటే ఎంత ఉండేది, అని పొద్దస్తమానం అదే ఆలోచన. ఉన్నదని తేలితే ఆ రెండేళ్ళకు బాధ్యుణ్ణి నేనే. ఆ మాట అక్క ముందర పొరపాటున కూడా అనను. అంటే ఆమె అదీ తన మీదే వేసుకుంటుంది.

అక్క మా ఇంట్లోనే ఉంది. మాట ప్రకారం మూడు పూటలా తింటోంది. నిన్న మధ్యాహ్నం పప్పన్నం కలుపుకుంటూ, తల ఎత్తకుండా అడిగింది.

“ఒరేయ్, రేపు ఏమన్నా ఉందని సెప్పినారనుకో. నేను ఒక్కపొద్దు ఇడిసినందుకే అనుకోవల్లనా?”

కాదక్కా అన్నాను. గట్టిగానే అన్నాను. నమ్మిందో లేదో తెలియదు. నా మొహం చూస్తూ ఒక్కొక్క ముద్దే మింగి, కంచం మాత్రం ఖాళీ చేసింది.